తెలుగు పుస్తకం ఈ-రీడర్‌లోకి ఫొటోగా కాదు, అక్షరంగా రావాలి

ఆరంగుళాల ఈ-రీడర్ తెర వెడల్పు 9.1 సెంటీమీటర్లు, ఎత్తు 12.2. మన నవలలూ కథల సంపుటాలూ ఎక్కువగా అచ్చయ్యే 1/8 డెమ్మీ పుట వెడల్పు 14, ఎత్తు 21.6. ఆ పుటని స్కాన్ చేసి పీడీఎఫ్‌గా ఈ తెరమీద పెడితే, పుట మొత్తం కనపడటానికి 56 శాతానికి కుంచించుకుపోవాలి. అచ్చులో 12 పాయింట్లున్న అక్షరం 7 పాయింట్ల కిందికి దిగిపోతుంది. ఇంగ్లీషయితే ఆ సైజులో కూడా ఎలాగోలా లాగించవచ్చు. తెలుగు అక్షరానికి పైన గుడి, పక్కన కొమ్ము, కింద ఒత్తు ఉంటాయి. 7 పాయింట్లలో 'త్త'కీ 'త్న'కీ తేడా కంటికి ఆనదు. ఈ-రీడర్ కొనుక్కుని, నెట్‌లో దొరికిన నాలుగు తెలుగు పీడీఎఫ్‌లు వేసి చూసి, వారం తిరక్కుండా దాన్ని బీరువాలో పెట్టేసినవాళ్ళు "తెలుగుకి ఇది పనికిరాదండీ" అంటుంటారు. పనికొస్తుంది. దానికి మనం ఇచ్చింది పుస్తకం కాదు, పుస్తకం ఫొటో.

ఈ-రీడర్ వల్ల చదివే తీరు మారుతుందా అన్న చర్చ ఇంగ్లీషులో 2007లో అమెజాన్ ఈ-రీడర్ కిండిల్ వచ్చినప్పటి నుంచీ నడుస్తోంది. తెలుగులో ఆ మార్పు రావాలంటే ముందు ఒక షరతు తీరాలి. ఫైలు లోపల ఉన్నది యూనికోడ్ పాఠం అయ్యుండాలి, అంటే అక్షరం బొమ్మ కాదు, ఏ కంప్యూటరైనా తెలుగు అక్షరంగా గుర్తుపట్టే సంకేతం. అది తీరితే మన చదువు మారుతుందనే నా నమ్మకం, అదీ మనం పెద్దగా ఎదురుచూడని రెండు వైపుల నుంచి: వయసు మళ్ళిన చదువరుల వైపు నుంచి, పద్యం వైపు నుంచి.

ముందు పరికరం సంగతి. అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్ పరిశోధన నుంచి 1997లో ఈ-ఇంక్ అనే కంపెనీ పుట్టింది. ఆ తెర లోపల వెంట్రుక మందమంత సూక్ష్మ గుళికలు లక్షల్లో ఉంటాయి. ఒక్కో గుళికలో తెల్లటి రేణువులూ నల్లటి రేణువులూ వ్యతిరేక విద్యుదావేశంతో ద్రవంలో తేలుతుంటాయి. కింద నుంచి ఏ ఆవేశం ఇస్తే దాన్నిబట్టి తెల్లవో నల్లవో పైకొస్తాయి. ఒకసారి పైకొచ్చాక కరెంటు లేకపోయినా అక్కడే నిలుస్తాయి. అందుకే పుట తిప్పినప్పుడే బ్యాటరీ ఖర్చవుతుంది, ఒక చార్జితో వారాలు గడుస్తాయి. తెర తనంతట వెలగదు. కాగితంలాగే పైనుంచి పడే వెలుతురుని వెనక్కి కొడుతుంది, కాబట్టి ఎర్రటి ఎండలో కూడా అక్షరం తేటగా కనిపిస్తుంది. రాత్రి చదవడానికి ఉండే దీపం కూడా తెర అంచుల్లోని ఎల్‌ఈడీల నుంచి పుట మీదికి పడేదే. ఈ రకం తెరతో తొలి రీడర్ 2004లో జపాన్‌లో సోనీ తెచ్చిన లిబ్రియే. ఇప్పుడు మామూలుగా దొరికే 300 పీపీఐ (అంగుళానికి 300 చుక్కల) తెరల్లో అక్షరం అంచులు అచ్చుకి దగ్గరగానే ఉంటాయి. పుటలు తిప్పుతుంటే పాత పుట నీడ కొంచెం మిగలడం ఈ తెరల సహజ గుణం. సెట్టింగుల్లో ప్రతి పుటకో, అయిదారు పుటలకోసారో పూర్తిగా తుడిచి రాయమని పెడితే పోతుంది.

ఆరేడు అంగుళాల పరికరం బరువు దాదాపు 150 నుంచి 210 గ్రాముల మధ్య ఉంటుంది. ఆరువందల పేజీల గట్టి అట్ట పుస్తకాన్ని పడుకుని గుండెలమీద పెట్టుకుని చదవలేనివాళ్ళు దీన్ని ఒంటిచేత్తో పట్టుకోగలరు. కానీ బరువు కంటే పెద్ద సంగతి అక్షరం సైజు. తెలుగులో నిలకడగా నవలలు చదివే తరం ఇవాళ అరవై దాటింది. వారపత్రికల సీరియళ్ళతో, అద్దె లైబ్రరీల నవలలతో పెరిగిన తరం అది. వాళ్ళలో చాలామంది చదువు ఆపేసింది ఇష్టం పోయి కాదు. చత్వారం, శుక్లాలు, సన్నటి అచ్చు కలిసి ఆపించాయి. ఇంగ్లీషులో పెద్దక్షరాల ముద్రణ అని విడిగా ఒక పద్ధతి ఉంది. మనకి పిల్లల పుస్తకాల్లో తప్ప లేదు. ఈ-రీడర్‌లో ప్రతి పుస్తకమూ పెద్దక్షరాల పుస్తకమే, ఒక మెనూ నొక్కితే చాలు. అక్షరం పెద్దదైతే వాక్యం తనే సర్దుకుని కింది వరసలోకి దిగుతుంది. స్కాన్ పీడీఎఫ్‌లో ఇది జరగదు. అక్కడ పెద్దది చేస్తే వరస కుడివైపు తెర దాటిపోతుంది. వరస వరసకీ వేలితో పక్కకి లాగి, మళ్ళీ వెనక్కి తోసి చదవాలి. అలా పది పేజీలు చదివే ఓపిక ఎవరికీ ఉండదు.

పెద్దవాళ్ళ కోసం కొనేటప్పుడు ఆరంగుళాలది కొనకండి. 18 పాయింట్ల తెలుగు అక్షరం పెడితే ఆ తెరమీద వరసకి మూడు మాటలు పడతాయి, కన్ను ఎడాపెడా పరిగెత్తి అలిసిపోతుంది. 7.8 అంగుళాల తెర వెడల్పు దాదాపు 12 సెంటీమీటర్లు. అదే సైజులో వరసకి నాలుగైదు మాటలు పడతాయి, చదువు సాఫీగా సాగుతుంది. పక్కన భౌతికమైన బటన్లుంటే ఇంకా మంచిది. వేళ్ళు పొడిబారిన వయసులో తెర తాకుడుని పట్టించుకోకపోవడం తరచూ జరుగుతుంది.

కాగితం మీద చదివినంత బుర్రకెక్కుతుందా అన్న ప్రశ్న న్యాయమైనదే. 2018లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష 54 అధ్యయనాలనీ, వాటిలోని లక్షా డెబ్బై వేల మందినీ కలిపి చూసి, సమాచారం కోసం చదివే పాఠాల్లో, ముఖ్యంగా టైము తరుముతున్నప్పుడు, కాగితానిదే పైచేయి అని తేల్చింది. కథనానికి ఆ తేడా కనపడలేదు. 2019లో నార్వే పరిశోధకురాలు ఆన్ మాంగెన్ బృందం 50 మందికి ఒకే పొడవాటి కథ ఇచ్చి, సగంమందిని పుస్తకంలోనూ సగంమందిని కిండిల్‌లోనూ చదివించింది. చాలా పరీక్షల్లో ఇద్దరూ సమానమే. ఏ సంఘటన ముందు, ఏది వెనక అన్న వరుస చెప్పడంలో మాత్రం పుస్తకం చదివినవాళ్ళు మెరుగు. ఇది నమ్మదగ్గ ఫలితమే అనిపిస్తుంది. కుడిచేతి వైపు పేజీలు తరుగుతూ ఎడమవైపు పెరుగుతుంటే, ఎక్కడున్నామో చేతికి తెలుస్తుంది. ఈ-రీడర్ ఆ ఆనవాలు ఇవ్వదు. నవలకి నష్టం కొంచెమే. పోటీ పరీక్షల పుస్తకానికి నష్టం ఎక్కువ, దాన్ని కాగితం మీదే చదవండి.

ఫోను ఉండగా ఇంకో పరికరం దేనికని అడుగుతారు. తెలుగులో ఈ-చదువు ఇప్పటికే ఫోన్లలో జోరుగా ఉంది. ప్రతిలిపి లాంటి యాప్‌లలో రోజూ భాగాలు భాగాలుగా కథలు వస్తున్నాయి, చదువుతున్నారు. అది మంచిదే. కానీ అక్కడి చదువు చిన్న చిన్న ముక్కలకి అలవాటు పడుతోంది, రాసేవాళ్ళు కూడా ప్రతి ముక్క చివరా కొసమెరుపు పెట్టక తప్పడం లేదు. ఈ-రీడర్‌లో వాట్సాప్ మోగదు, బ్రౌజర్ ఉన్నా నత్తనడక. గంటసేపు ఒకే పుస్తకంలో ఉండగలిగే వీలు పరికరమే కల్పిస్తుంది. నాలుగొందల పేజీల నవలకి ఇంతకంటే అనువైన చోటు ఇవాళ్టి ఇంట్లో దొరకడం కష్టం.

మరి అడ్డం ఎక్కడుంది? డీటీపీ బల్ల దగ్గర. తెలుగు పుస్తకాల్లో పెద్ద భాగం ఏళ్ళ తరబడి పేజ్‌మేకర్ అనే పుటలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో 'అను' అనే ఫాంట్లతో తయారైంది. ఆ ఫాంట్లలో కంప్యూటర్ దాచుకునేది తెలుగు అక్షరాల్ని కాదు. ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ ఉండే స్థానాల్లో తెలుగు ముక్కల బొమ్మలు కూర్చోబెట్టారు. గుడి ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క. ఘ, ఝ లాంటివి రెండు మూడు ముక్కల అతుకు. అచ్చుకి ఇది బ్రహ్మాండంగా పనిచేసింది, తెలుగు అచ్చు ఇన్నాళ్ళూ నిలబడింది దీనివల్లే. కానీ ఆ పీడీఎఫ్‌లో ఒక పేరా కాపీ చేసి ఇంకోచోట అతికిస్తే ఇంగ్లీషు గుర్తుల గందరగోళం వస్తుంది. ఈ-రీడర్‌కి కనపడేది ఆ గందరగోళమే. యూనికోడ్‌లో తెలుగుకి 1991 నుంచే చోటుంది. ఫాంట్లు మారలేదు, అలవాటు మారలేదు.

అను ఫైలుని యూనికోడ్‌లోకి మార్చడం కష్టమైన పనేమీ కాదు, ఓపిక పని. మొదట ఆ ఫైలు ఏ వెర్షన్ అను ఫాంట్లతో చేసిందో డీటీపీ ఆపరేటర్‌ని అడిగి తెలుసుకోవాలి. వెర్షన్ మారితే ముక్కల స్థానాలు మారతాయి, ఒకదాని కన్వర్టర్ ఇంకోదానికి వాడితే సగం మాటలు చెడిపోతాయి. పేజ్‌మేకర్ నుంచి పాఠాన్ని అధ్యాయం వారీగా బయటికి తీయాలి. ఇంగ్లీషు మాటలు, అంకెలు ఉన్నచోట్ల ముందే గుర్తు పెట్టుకోవాలి, లేకపోతే కన్వర్టర్ వాటిని కూడా తెలుగు ముక్కలనుకుని మార్చేస్తుంది. మార్చాక, యూనికోడ్‌లో తెలుగుకి కేటాయించిన 128 స్థానాల బయట ఉన్న గుర్తులన్నిటినీ వెతికించండి. మిగిలిపోయిన చెత్త అంతా ఒక్కసారిగా బయటపడుతుంది. ఆ తర్వాత ఘ, ఝ, ఱ, ఞ, ఙ లని ఒక్కొక్కటే వెతికి చూడాలి. కన్వర్టర్లు ఎక్కువగా తడబడేది అక్కడే.

ఇంకో మూడు గుర్తులు పైకి బాగానే కనిపిస్తూ లోపల పుస్తకాన్ని పాడుచేస్తాయి. తెలుగు సున్న 'ం', తెలుగు అంకె సున్న '౦' చూడటానికి ఒకేలా ఉంటాయి. అంకె పడితే 'పుస్తక౦' కంటికి సరిగానే ఉంటుంది కానీ వెతికితే దొరకదు, నిఘంటువు గుర్తుపట్టదు. విసర్గ బదులు కోలన్ పడి 'దు:ఖం' అయితే, 'దుఃఖం' అని వెతికినప్పుడు అది దొరకదు. మూడోది కంటికి కనపడనే కనపడదు. 'సాఫ్ట్‌వేర్' అని రాయాలంటే 'ట్' తర్వాత అక్షరాల్ని కలవనివ్వని ఒక శూన్యాక్షరం ఉండాలి. ఫైలు శుభ్రం చేస్తున్నామని 'అదృశ్య గుర్తులు తీసెయ్' అన్న ఆప్షన్ నొక్కితే అది కాస్తా పోతుంది, పుస్తకమంతా 'సాఫ్ట్వేర్' అయిపోతుంది. ఇవాళ్టి కథల్లో ఇంగ్లీషు మాట లేని పేజీ ఉండదు కాబట్టి ఈ ఒక్క పొరపాటు పుస్తకం నిండా పాకుతుంది.

పాఠం శుభ్రమయ్యాక ఈపబ్ చెయ్యాలి. ఈపబ్ అంటే జిప్ చేసిన ఒక సంచి. లోపల అధ్యాయాలు వెబ్ పేజీల రూపంలో, వాటి అలంకరణ ఒక స్టైల్ ఫైల్లో, పుస్తకం వివరాలు ఇంకో ఫైల్లో ఉంటాయి. సిజిల్, క్యాలిబర్, పాండాక్ అనే సాఫ్ట్‌వేర్లు మూడూ ఉచితమే, దేనితోనైనా చేసుకోవచ్చు. భాష తెలుగు అని వివరాల్లో రాయడం మరిచిపోకూడదు. ఏ నిఘంటువు తెరవాలో, ఏ గొంతుతో చదివి వినిపించాలో పరికరానికి దాన్నిబట్టే తెలుస్తుంది. అక్షరం సైజుని పాయింట్లలో బిగించకండి. ఎడమ అంచుకే సర్దండి, రెండు అంచులూ సమం చేయొద్దు. 'మాట్లాడుకుంటున్నప్పటికీ' లాంటి మాట వరసలో పట్టక కిందికి దిగితే, సమం చేసిన వరసలో మిగిలిన రెండు మాటల మధ్య పెద్ద ఖాళీ ఏర్పడుతుంది. వరసల మధ్య ఎడం 1.6 దగ్గర పెట్టండి. ఇంగ్లీషు పుస్తకాలకి వాడే 1.2 తెలుగుకి చాలదు. పై వరస ఒత్తులు కింది వరస గుడులకి తగిలి 'ష్ట్ర' ఎక్కడ ముగిసిందో 'కి' ఎక్కడ మొదలైందో తెలియదు.

ఫాంటు ఫైల్లోనే పొదగాలి. నోటో సెరిఫ్ తెలుగు, నోటో సాన్స్ తెలుగు, సిలికానాంధ్ర విడుదల చేసిన మండలి, ఎన్టీఆర్ లాంటివి స్వేచ్ఛా లైసెన్సుతో ఉన్నాయి, పొదగడానికి ఎవర్నీ అడగక్కర్లేదు. పొదగకపోతే పరికరంలో తెలుగు ఫాంటు లేని చోట పుస్తకం మొత్తం ఖాళీ డబ్బాలుగా కనిపిస్తుంది. పుస్తకం పూర్తిచేసే ముందు ఒక్క పుట పరీక్ష ఫైలు చేసి అందులో ఈ వరస రాయండి: జ్యోత్స్న, స్త్రీ, రాష్ట్రం, వాఙ్మయం, ఆర్ద్రత, లక్ష్మి, దుఃఖం, సాఫ్ట్‌వేర్. పరికరంలో ఈ ఎనిమిదీ సరిగా కనిపిస్తే మిగతా పుస్తకం గురించి బెంగపడక్కర్లేదు. ఒత్తులు పక్కపక్కన విడిపోయి 'స్‌త్‌రీ'లా వస్తే తప్పు మీ ఫైలుది కాదు, ఆ పరికరంలో అక్షరాల్ని కలిపే ఇంజిన్‌ది. కోబో కంపెనీ రీడర్‌లో అయితే ఫైలుని కీపబ్ (కోబో సొంత ఈపబ్ రకం) రూపంలోకి మార్చి పెట్టి చూడండి, అది వేరే ఇంజిన్‌తో తెరుచుకుంటుంది. అదీ కుదరకపోతే కోరీడర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోవచ్చు. కోబో, పాకెట్‌బుక్, ఆండ్రాయిడ్‌తో నడిచే ఈ-ఇంక్ పరికరాల్లో నడుస్తుంది. తెలుగు కూర్పు అందులో నమ్మకంగా వస్తుంది.

కిండిల్ సంగతి విడిగా చెప్పాలి. అమెజాన్ 2016 డిసెంబరులో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాల అమ్మకం మొదలుపెట్టింది. తెలుగు ఆ జాబితాలో లేదు. అక్కడే మన ప్రచురణకర్తల ఉత్సాహం చల్లారింది. తమిళ రచయితలు ఆ తలుపు గుండా వెళ్ళి పాఠకుల్ని సంపాదించుకున్న ఏళ్ళలో మనం పీడీఎఫ్‌లు వాట్సాప్ గ్రూపుల్లో పంచుకుంటూ ఉండిపోయాం. సొంత ఫైలుగా అయితే కిండిల్‌లో కూడా తెలుగు చదవచ్చు. సొంత ఫైళ్ళు పంపుకునే అమెజాన్ సేవ 'సెండ్ టు కిండిల్' 2022 నుంచి ఈపబ్‌ని నేరుగా తీసుకుంటోంది. ఫాంటు పొదిగి ఉండాలి, తెరిచాక ఫాంట్ల జాబితాలో 'పబ్లిషర్ ఫాంట్' ఎంచుకోవాలి. మోబి (కిండిల్ పాత ఫార్మాటు) ఫైళ్ళు పంపొద్దు, వాటిని తీసుకోవడం మానేశారు.

స్కాన్ పీడీఎఫ్ తప్ప గతిలేని పుస్తకాలు వేలల్లో ఉన్నాయి, వాటినేం చెయ్యాలి? రెండు దారులున్నాయి. తేలికది: అంచులు కత్తిరించి, తెరని అడ్డంగా తిప్పడం. డెమ్మీ పుటలో అచ్చు పడిన భాగం వెడల్పు పదకొండు సెంటీమీటర్లకి కాస్త తక్కువే. అడ్డంగా తిప్పిన ఆరంగుళాల తెర 12.2 సెంటీమీటర్లు. అంటే అక్షరం అచ్చులో కంటే ఒక పిసరు పెద్దదిగానే కనిపిస్తుంది, పుటని మూడు భాగాలుగా చదువుకోవాలి. కే2పీడీఎఫ్ఆప్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ పని మొత్తం పుస్తకానికి ఒకేసారి చేసిపెడుతుంది. డబ్బు పెట్టగలిగితే 10.3 అంగుళాల తెరలో డెమ్మీ పుట దాదాపు ఉన్నదున్నట్టుగా పడుతుంది.

రెండో దారి కష్టమైనది, శాశ్వతమైనది. స్కాన్‌ని అక్షరంగా మార్చడం. భారత డిజిటల్ లైబ్రరీ పేరుతో స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు ఇవాళ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. మన చట్టం ప్రకారం రచయిత చనిపోయిన ఏడాది ముగిశాక అరవై ఏళ్ళకి హక్కులు తీరిపోతాయి. కందుకూరి (1919), పానుగంటి (1940), చిలకమర్తి (1946), ఉన్నవ (1958) జీవించి ఉండగా అచ్చయిన రచనలన్నీ ఇప్పుడు అందరివీ. వీటిని ఈపబ్ చెయ్యడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కల) స్కాన్ సరిపోతుంది, అచ్చు సన్నగా ఉంటే 400. స్కాన్‌టైలర్ అనే సాఫ్ట్‌వేర్‌లో పుటలు విడదీసి, వంకర సరిచేసి, మచ్చలు తీసేయాలి. మచ్చలు తీసే మోతాదు మాత్రం తక్కువ పెట్టండి. ఎక్కువ పెడితే మచ్చలతోపాటు అరసున్నలూ ఒత్తుల తోకలూ ఎగిరిపోతాయి. తర్వాత గూగుల్ డ్రైవ్‌లో డాక్స్‌గా తెరిచినా, బొమ్మలోని అక్షరాల్ని గుర్తుపట్టే టెసరాక్ట్ అనే సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చినా అక్షరాలు వస్తాయి. తప్పులు ఎక్కడుంటాయో ముందే తెలిస్తే దిద్దడం సులువు: ప-వ, మ-య, ద-ధ, థ-ధ తారుమారు, గుడికీ గుడిదీర్ఘానికీ తేడా పోవడం, అరసున్న బ్రాకెట్టుగా మారడం.

దిద్దేది ఒక్కళ్ళయితే కన్ను మోసపోతుంది, మాటని తెలిసినట్టే చదివేసుకుంటుంది. తెలుగు వికీసోర్స్ పద్ధతి అందుకే నాకు నచ్చుతుంది. ఎడమవైపు స్కాన్ పుట, కుడివైపు పాఠం. ఒకరు దిద్దితే పుట పసుపు రంగుకి మారుతుంది, ఇంకొకరు సరిచూస్తేనే ఆకుపచ్చ. పుస్తకం పూర్తయ్యాక అక్కడి నుంచే ఈపబ్‌గా దించుకోవచ్చు. రోజుకి ఒక్క పుట దిద్దే పదిమంది ఉంటే రెండొందల పుటల పుస్తకం మూడు వారాలకి పసుపెక్కుతుంది. ఇంత తక్కువ శ్రమతో ఇంత గట్టి మేలు జరిగే సాహిత్య సేవ ఇంకోటి కనపడదు.

ఇక పద్యం. అసలు ఈ-రీడర్ మన చదువుని లోతుగా మార్చగలిగేది ఇక్కడే. ప్రబంధమో పురాణమో ఇవాళ చదవాలనుకునే మామూలు మనిషికి రెండు రకాల పుస్తకాలు దొరుకుతాయి. ఒకటి వట్టి మూలం: అర్థం కాదు. రెండోది టీకా తాత్పర్యాలతో వచ్చేది: పద్యం, ప్రతిపదార్థం, తాత్పర్యం, ఒక్కో పద్యానికి పేజీ పైన. నాలుగు పద్యాలయ్యేసరికి కథ ఎక్కడుందో మరిచిపోతాం. కవి పరుగెత్తిస్తూ రాసిన ఘట్టాన్ని మనం మెట్టు మెట్టుకీ ఆగుతూ ఎక్కాల్సి వస్తోంది. ఈపబ్ మూడో వెర్షన్ 2011లో వచ్చింది, అందులో నొక్కితే పైకొచ్చే అధోజ్ఞాపిక అనే సౌకర్యం ఉంది. పద్యాలు వరసగా ఉంటాయి. తెలియని మాట దగ్గర ఆగి నొక్కితే పదవిభాగం, అర్థం అదే పుట మీద చిన్న పెట్టెలో తెరుచుకుంటాయి. తెలిసినచోట ఆగక్కర్లేదు. మొదటి ఆశ్వాసంలో ముప్ఫైసార్లు నొక్కినవాళ్ళు మూడో ఆశ్వాసానికి పదిసార్లే నొక్కుతారు, ఎందుకంటే కవి మాటలు తిరిగి తిరిగి వస్తుంటాయి. కాగితం మీద ఈ పద్ధతి సాధ్యం కాదు.

చేసేవాళ్ళకి రెండు జాగ్రత్తలు. జ్ఞాపిక చిన్నదిగా ఉండాలి. మరీ పొడవైతే కొన్ని పరికరాలు పెట్టె తెరవకుండా ఇంకో పుటకి ఎగిరిపోతాయి. తాత్పర్యాన్ని, ప్రతిపదార్థాన్ని రెండు వేర్వేరు గుర్తులకి కట్టాలి. జ్ఞాపిక నుంచి పద్యానికి తిరుగు లంకె కూడా ఉండాలి, కొన్ని పరికరాలు ఆ జత చూసే పెట్టె తెరుస్తాయి.

పద్యం ఆకారం ఇంకో చిక్కు. ఉత్పలమాల పాదానికి ఇరవై అక్షరాలు, చంపకమాలకి ఇరవైఒకటి. ఆరంగుళాల తెరమీద హాయిగా చదివే సైజులో వరసకి పదహారు అక్షరాలు పడితే గొప్ప. మిగిలిన నాలుగైదు అక్షరాలు కింది వరసలోకి జారి కొత్త పాదంలా నిలబడతాయి. నాలుగు పాదాల పద్యం ఎనిమిది ముక్కలవుతుంది, ప్రాస ఎక్కడుందో కంటికి తెలియదు. యతి దగ్గర విరిచేద్దామంటే మన కవులు యతిస్థానంలో మాట ముగించాలన్న నియమం పెట్టుకోలేదు, మాట నడుమ విరుగుతుంది. సరైన పద్ధతి: పాదం మొదటి అక్షరాన్ని అంచుకి పెట్టి, జారిన భాగాన్ని ఒకటిన్నర అక్షరం లోపలికి నెట్టడం. స్టైల్ ఫైల్లో ఎడమ ఖాళీ ఒకటిన్నర ఇచ్చి, పేరా ఆరంభాన్ని అంతే వెనక్కి లాగితే చాలు. నాలుగు పాదాల మొదళ్ళూ ఒకే నిలువు గీత మీద ఉంటాయి, రెండో అక్షరాల్లో ప్రాస కనిపిస్తుంది. పద్యాన్ని నడిమధ్యకి సర్దే అలవాటు అచ్చులో ఉంది, తెరమీద దాన్ని మానుకోవాలి.

మాటమీద వేలు పెడితే అర్థం చూపే నిఘంటువు ఇంగ్లీషు చదువరికి ఎప్పుడో అలవాటైంది. తెలుగులో అది కుంటుతోంది. 'పుస్తకాలలోంచి' అని నొక్కితే నిఘంటువులో ఆ రూపం ఉండదు. బ్రౌన్ నిఘంటువులో ఉన్నది 'పుస్తకము'. బహువచనం, విభక్తి ఊడదీసి, చివర 'ము' చేరిస్తే గానీ అక్కడికి చేరలేం. స్టార్‌డిక్ట్ అనే ఫార్మాటులో తయారయ్యే డిజిటల్ నిఘంటువుల్లో ఒక మాటకి మారుపేర్ల పట్టిక జోడించే వీలుంది. నామవాచకానికి మామూలుగా వచ్చే రూపాలన్నీ (పుస్తకం, పుస్తకాన్ని, పుస్తకానికి, పుస్తకాల, పుస్తకాల్లో, పుస్తకాలలోంచి) ఒక చిన్న ప్రోగ్రాముతో పుట్టించి ఆ పట్టికలో పెడితే, వేలు పెట్టిన మాట తన మూలానికి చేరుతుంది. క్రియలు ఇంకా కష్టం, సంధి కలిసిన పద్యం ఇంకా కష్టం. కానీ వచనం వరకు ఇది ఒక మంచి ప్రోగ్రామర్ తీరిక వేళల్లో చేయగల పని. విదేశాల్లో పెరుగుతూ తెలుగు కూడబలుక్కుని చదివే పిల్లలకి ఈ ఒక్క సదుపాయం ఉంటే కథల పుస్తకం మూసేయరు.

ఈ-పుస్తకాలకి వ్యతిరేకంగా చెప్పే వాదనల్లో నేను పూర్తిగా ఒప్పుకునేది సొంతదారీ గురించినది. 2009 జులైలో అమెజాన్, హక్కుల్లేని వ్యాపారి అమ్మాడన్న కారణంతో, జార్జ్ ఆర్వెల్ నవలలు రెండు కొనుక్కున్నవాళ్ళ కిండిల్‌ల నుంచి చెప్పాపెట్టకుండా తీసేసింది. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల అంగడి మూసేసినప్పుడు డబ్బు వెనక్కిచ్చింది, పుస్తకాలు మాయమయ్యాయి. 2025 ఫిబ్రవరి 26 నుంచి కిండిల్ పుస్తకాన్ని కంప్యూటర్లోకి దించుకుని యూఎస్‌బీతో ఎక్కించుకునే వీలు కూడా పోయింది. అల్మారాలో పుస్తకానికి ఈ భయం లేదు. అందుకే తెలుగు ప్రచురణకర్తలు, కాపీ చేయనివ్వని డిజిటల్ తాళాల జోలికి పోకుండా ఈపబ్ అమ్మాలి. కొన్నవారి పేరు మొదటి పుటలో, ప్రతి అధ్యాయం చివరా అచ్చువేసి ఇస్తే చాలు. తన పేరున్న ఫైలుని ఊరంతా పంచడానికి మనిషి వెనకాడతాడు. తాళం వేసిన ఫైలు మాత్రం నిజాయతీగా కొన్నవాళ్ళనే ఏడిపిస్తుంది. స్కాన్ చేసి పంచేవాళ్ళని అది ఎన్నడూ ఆపలేదు.

పన్ను దగ్గర ఒక అన్యాయం ఉంది. అచ్చు పుస్తకానికి జీఎస్టీ లేదు. 2018లో ఈ-పుస్తకాల మీద పన్ను 18 నుంచి 5 శాతానికి తగ్గించారు గానీ, అచ్చు ప్రతి కూడా ఉన్న పుస్తకాలకే ఆ తగ్గింపు. అచ్చువేసే స్తోమత లేక ఈ-పుస్తకంగానే తెచ్చే కొత్త రచయితకి ఆ ఊరట లేదు. రచయితల సంఘాలు దీనిమీద గట్టిగా అడగాలి.

గ్రంథాలయాలు ఇందులోకి రావాలి. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు వేసి ఊళ్ళకి పంపారు. జిల్లా గ్రంథాలయ సంస్థలకి ప్రజలు ఆస్తిపన్నుతోపాటు సెస్సు కడుతూనే ఉన్నారు. హక్కులు తీరిన పుస్తకాలు నింపిన 7.8 అంగుళాల రీడర్లు కొన్ని ప్రతి శాఖలో ఉంచి, పూచీ డబ్బు కట్టించుకుని నెల్లాళ్ళకి అరువిస్తే, అరవై దాటినవాళ్ళు మళ్ళీ గ్రంథాలయం మెట్లెక్కుతారు. వైఫై ఆపేసి, తెలుగు ఫాంటు పెట్టి, అక్షరం 18 పాయింట్లకి సర్ది ఇవ్వాలి. ఎలా వాడాలో పెద్దక్షరాలతో ఒక కాగితం కవరులో పెట్టాలి.

ఇవన్నీ జరగడానికి టైము పడుతుంది. రచయితలు ఈ నెల నుంచే చేయగలిగింది ఒకటుంది. ప్రచురణ ఒప్పందంలో ఒక వాక్యం రాయించుకోండి: అచ్చుకి వెళ్ళే తుది పాఠం, ఆఖరి ప్రూఫు దిద్దుబాట్లతో సహా, యూనికోడ్ ఫైలుగా రచయితకి అందాలి. మీరు రాసింది యూనికోడ్‌లోనే అయినా, ప్రూఫులు దిద్దింది అను ఫైల్లో కాబట్టి మీ దగ్గరున్నది పాత ప్రతి. ఆ ఫైలు అందగానే పైన చెప్పిన ఎనిమిది మాటల పరీక్ష పుటతో పాటు ఏదైనా ఈ-రీడర్‌లో తెరిచి, మొదటి అధ్యాయం చివరిదాకా చదివి చూసుకోండి. తప్పులుంటే డీటీపీ ఆపరేటర్‌కి పేజీ నంబర్లతో వెంటనే చెప్పండి. ఆరునెలలు దాటితే ఆ ఫైలు ఏ హార్డ్‌డిస్కులో ఉందో ఆయనకీ గుర్తుండదు.